కొయ్యకు కట్టిన నాలుగు మిల్లీమీటర్ల తీగ

తెరచాప పడవలో కొయ్యను నిలబెట్టే తీగ ఎంత లావుండాలో తేల్చాలంటే ముందు మనుషుల బరువు తెలియాలి. గాలి జోరు కాదు, మనుషుల బరువు. ఈ మాట చెప్పినప్పుడల్లా ఎదుటివాళ్లు నా ముఖం వంక ఒక రకంగా చూసేవారు. కానీ లెక్క అదే. గాలి గట్టిగా తోసేకొద్దీ పడవ ఒరుగుతుంది. ఒరిగేకొద్దీ చాప మీది నుంచి గాలి జారిపోతుంది. అలా ఒరగనివ్వకుండా ఎదురు అంచు మీద బరువుగా కూర్చునేవాళ్లుంటారే, వాళ్ల వల్లే తీగ బిగుసుకుంటుంది. వాళ్లెంత బరువుంటే తీగకు అంత లాగుడు.

సముద్రం మొహం చూడని అనంతపురం జిల్లాలో కూర్చుని ఈ లెక్క ఎందుకు వేయవలసి వచ్చిందో చెబుతాను. అందులో రెండు మీసాలున్నాయి.

నేను హిందూపురంలో ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మా ఆయన రైల్వేలో సిగ్నళ్లు చూసేవారు. అప్పట్లో ధర్మవరం నుంచి హిందూపురం దాకా ప్రతి స్టేషన్ దగ్గరా పట్టాల పక్కన ఇనుప తీగలు పరుగెత్తుతుండేవి. కేబిన్‌లో మనిషి మీట లాగితే తీగ కదిలి, ఎక్కడో దూరాన సిగ్నల్ చెయ్యి వాలేది. ఎండకు తీగ సాగితే బిగించడం, చలికి కుదించుకుంటే వదలడం, ఆయన ఉద్యోగమంతా ఇదే. తొంభైల మొదట్లో ఒకసారి ఆయన్ను పని మీద కాకినాడ వైపు పంపారు. తిరిగి వచ్చిన రోజు అన్నం ముందు కూర్చుని ముద్ద నోట్లో పెట్టుకోకుండా మాట్లాడుతూనే ఉన్నారు.

"మన తీగ గుంజితే సిగ్నల్ వాలతాది. ఆడ మూడు తీగలు గుంజి కడితే ఇంత పొడుగు కొయ్య నిటారుగ నిలబడుకోనుండాది! గాలికి పాడతాండాయే ఆ తీగలు. ఒట్టు, పాడతాండాయి."

"పాడితే పాడనీలే, పప్పు చల్లారిపోతాది, తినండి," అన్నాను నేను. అక్కడితో అయిపోయిందనుకున్నాను.

రిటైరై పెనుకొండలో ఆయన పెద్దల ఇంటికి చేరాక పెరట్లో పడవ మొదలైంది. బెంగుళూరు ఫుట్‌పాత్ మీద కొన్న ఒక పాత ఇంగ్లీషు పత్రికలోని బొమ్మ చూసి, పదిహేను అడుగుల పొడవు, అయిదు అడుగుల వెడల్పుతో కట్టడం మొదలుపెట్టారు. సాయానికి వచ్చిన వడ్రంగి అంతవరకు తలుపులు, మంచాలు తప్ప వేరేవి చేయలేదు. అందుకే మా పడవ అడ్డపట్టీలు కొంచెం మంచం కోళ్లలాగే ఉంటాయి. కొయ్యకు నున్నగా గీసిన సరుగుడు మాను. చాపకు ఏ గుడ్డ తేవాలా అని వెతికి వెతికి, పెళ్లిళ్లకు పందిళ్లు వేసే అతని దగ్గర పాత షామియానా గుడ్డ కొన్నారు. ఎరుపు, పసుపు, నీలం పూలు, అంచుకు కుచ్చులు. కుచ్చులు విప్పెయ్యమంటే ఆయన వినలేదు.

పడవ పూర్తయింది కానీ జిల్లాలో నీళ్లు లేవు. వానలు లేక చెరువుల నిండా తుమ్మ మొక్కలు మొలిచాయి, పిల్లలు క్రికెట్ ఆడుకున్నారు. పడవను పెరట్లో బోర్లించి పెట్టాం. దాని కింద కోళ్లు గుడ్లు పెట్టుకున్నాయి.

అట్లాంటి ఒక ఎండాకాలం మా వియ్యంకుడు వచ్చారు. మా అమ్మాయిని ధర్మవరంలో ఆయన కొడుక్కు ఇచ్చాం. పట్టుచీరల వ్యాపారం. మనిషి భారీ, గొంతు భారీ, మీసం మరీ భారీ. రెండు కొనలూ మెలితిప్పి బుగ్గల దాకా నిలబెట్టుకునేవారు. మా ఆయనకూ మీసముంది. మనిషి చిన్నవాడు కనుక మీసమే ఆయన హోదా. ఉద్యోగంలో చేరిన కొత్తలో కింద పనిచేసేవాళ్లు మాట వినడం లేదని పెంచారట. మా పెళ్లి ఫోటోలోనూ ఉంది. ఆ మీసం కింద ఏముందో నేను ఒక్కసారీ చూడలేదు.

వియ్యంకుడు పెరట్లోకి వచ్చి, పడవ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, కింద నుంచి ఒక పుంజు బయటికి రావడం చూసి అడిగారు.

"ఏంది బావా, కోళ్ల గూడు ఇంత పెద్దది కట్టించినావు?"

"పడవ బావా. చెరువు నిండితే నీళ్లలోకి దించుతాం."

"ఏ చెరువు?"

"మీ ధర్మవరం చెరువే. అంత వెడల్పు ఈ చుట్టుపక్కల యాడుండాది?"

వియ్యంకుడు నవ్విన నవ్వుకు కోళ్లన్నీ గోడెక్కాయి. "తెడ్డు ముట్టకుండ, ఉత్త గాలితో, ఈ షామియానా కట్టుకోని, మా చెరువు ఈ కట్ట నుంచి ఆ గట్టుకు పోతావా? కొయ్య ఇరగకుండ పోయినావంటే నా మీసం తీసేస్తా బావా. పోలేకపోతే నీది తీసేయాల. సరేనా?"

మా ఆయన చెయ్యి మీసం మీదికి పోయింది. ఆడపిల్లనిచ్చినవాడు వియ్యంకుడితో పందెం కాయడమంటే ఎంత ఇబ్బందో! ఒప్పుకుంటే మర్యాద కాదు, ఒప్పుకోకపోతే పడవ కాదు. "మీరు ఎట్లంటే అట్ల బావా," అన్నారు. ఆ రాత్రి అద్దం ముందు చాలాసేపు మీసాన్ని వేలితో కప్పి చూసుకున్నారు.

రెండు వేల అయిదులో వానలు పడ్డాయి. పడడమంటే మామూలుగా కాదు. ధర్మవరం చెరువు నిండిందని అమ్మాయి ఫోన్ చేసింది. "నాయనా, మామ అద్దం ముందర నిలబడి మీసానికి నూనె పెట్టుకుంటాండాడు, నువ్వు వస్తాండావా లేదా?" అంది. ఆయకట్టుకు నీళ్లు వదిలితే చెరువు మళ్లీ తగ్గుతుంది. ఇప్పుడు కాకపోతే మరి ఎన్నేళ్లకో. అన్నీ సిద్ధంగా ఉన్నాయి, ఒక్క తీగలు తప్ప. ఎడమ పక్క ఒకటి, కుడి పక్క ఒకటి, ముందు ఒకటి. ఆ మూడు తీగలే కొయ్యను నిలబెట్టాలి. కొయ్య నిలబడితేనే మీసం నిలబడుతుంది.

వీధిలో తలా ఒక తీగ చెప్పారు. బట్టలారేసే తీగ చాలునన్నారొకరు. స్కూటర్ బ్రేకు తీగ అన్నారొకరు. కరెంటు స్తంభాన్ని లాగి కట్టే తీగను మించింది లేదన్నారు మా పక్కింటాయన. అది ఏడు లావు తీగల పురి. బలానికి తిరుగులేదు, కానీ ఎత్తిచూస్తే చేతికి గడ్డపారలా తగిలింది. కొయ్య పైన అంత బరువు వేలాడితే పడవ పందేనికి ముందే పల్టీ కొడుతుంది. లావుగా ఉన్నదల్లా మంచిది కాదు, చాలినంత ఉండాలి. ఆ చాలినంత ఎంతో తేల్చడం నా పని. మా ఆయన నన్ను అడగలేదు. నేనే సుద్దముక్క తీసుకుని బోర్లించిన పడవ అడుగును నల్లబల్ల చేసుకున్నాను. నల్లటి తారు పూసి ఉంది, చక్కగా అమరింది.

కొయ్య నుంచి పడవ అంచు రెండున్నర అడుగులు. తీగ కింది కొన బిగించేదీ ఆ అంచుకే. కనుక అంచు మీద ఎంత బరువు కూర్చుంటే తీగ దాదాపు అంత బరువు మోస్తుంది. ఆయన అరవై రెండు కిలోలు, నేను యాభై నాలుగు. మొత్తం నూట పదహారు. పడవ సొంత బరువు వల్ల పడే లాగుడు ఇంకో వంద. రెండు వందల పదహారు.

"నువ్వు కూడా వస్తాండావా?" అన్నారాయన, సుద్దగీతలు చూసి.

"నేను లేకపోతే అంచు మీద ఎవరు కూర్చుంటారు? మీరొక్కరే అయితే చిన్న గాలికే ఒరిగిపోతాది."

ఆయన సాయంత్రం దాకా ఈల వేస్తూ తిరిగారు.

తీగ కోసం హిందూపురం వెళ్లాం. బోరు సామాన్ల దుకాణం. నేను చదువు చెప్పిన రోజుల నుంచీ తెలిసిన వీధే, దుకాణాయన మాత్రం కొత్త.

"తీగ కావాల," అన్నాను.

"బోరు ఎన్ని అడుగులమ్మా?"

"బోరు కాదు, పడవకు."

ఆయన కొంచెంసేపు ఆలోచించి, "పడవ బోర్లోకి ఎట్ల దించతారమ్మా?" అన్నాడు.

మా ఆయన గల్లాపెట్టె పట్టుకుని వంగి వంగి నవ్వారు. దుకాణాయనకు విషయమంతా చెప్పాక ఆయనా నవ్వి, "హిందూపురంలో పడవ! మీ దుడ్లు, మీ ఇష్టం," అని తన దగ్గరున్న తీగలన్నీ బయటికి లాగాడు. మోటార్లు దించే తీగ ఒకటి, మధ్యలో జనపనార, నూనె కారుతోంది. లిఫ్టులకు వాడే మెత్తని స్టీలు తీగ ఒకటి, ఏడు పాయలు, పాయకు పంతొమ్మిది పోగులు, చేతిలో పట్టుతాడులా వంగుతుంది. మూడోది కూడా స్టీలే, బెంగుళూరు నుంచి ఎవరికో తెప్పించి మిగిలిపోయినది. పంతొమ్మిది పోగులు ఒకే పాయగా చుట్టినది, పెంకె పిల్లలా వంగనంటుంది. మూడింటిలోనూ తలా ఒక ముక్క తీసుకున్నాం.

మా ఆయన మనసు మెత్తని తీగ మీదే ఉంది. ఉద్యోగమంతా ఆయన తీగలు కప్పీల మీద తిరిగాయి మరి, తిరగాలంటే మెత్తగా ఉండాలి. "ఇది చూడు, ఎంత చెప్పినమాట ఇంటాదో!" అని వేలికి చుట్టుకున్నారు.

"మీ సిగ్నల్ తీగ అటూఇటూ పోవాల. ఇది యాడికి పోతాది? నిలబడాలంతే. మెత్తన ఎందుకు?"

"పెంకెది తెగితే?"

"పరీక్ష పెడదాం."

వసారా దూలానికి మూడు ముక్కలూ వేలాడదీశాం. ఒక్కొక్కదానికి వంద కిలోల బియ్యం. ముక్క మీద ఒక చోట నా బొట్టుబిళ్ల అతికించి, సరిగ్గా దాని ఎదురుగా గోడ మీద ఇంకో బొట్టుబిళ్ల అతికించాను. బియ్యం తగిలించాక తీగ మీది బిళ్ల ఎంత కిందికి దిగితే తీగ అంత సాగినట్టు. మోటారు తీగ బిళ్ల బెత్తెడు దిగిపోయింది. మెత్తని స్టీలుది వేలి మందం. పెంకెది గోధుమగింజంత.

సరిగ్గా అప్పుడే వియ్యంకుడు వచ్చారు. తన మీసం ఎంత భద్రంగా ఉందో చూసుకోవడానికే వచ్చారని నా అనుమానం. దూలానికి వేలాడే బియ్యం మూటలు, గోడ నిండా బొట్టుబిళ్లలు చూసి గుమ్మంలోనే ఆగిపోయారు.

"చెల్లెమ్మా, ఇంట్లో అంతా బాగుండారా?"

"బాగుండాం అన్నా, తీగ సాగుడు చూస్తాండాం."

ఆయన ఊరుకోలేకపోయారు. పోగులూ పురీ అంటే ఆయన ఇలాకా. మూడు తీగలూ గోటితో మీటి, మెత్తని దాన్ని చూసి పెదవి విరిచారు. "ఇది పురి మీద పురి. పాయలు పురి పెట్టి, ఆ పాయలన్నీ కలిపి మళ్లీ పురి పెట్టినారు. లాగితే స్ప్రింగు మాదిరి సాగకేమైతాది? ఒంటి పురిది చూడు, ఎట్ల నిలబడిందో! మగ్గం మీద పడుగు పోగు సాగిందంటే చీర పోయినట్టే బావా. ఈ మాత్రం తెల్దా నీకు?"

"నిజమే బావా," అన్నారు మా ఆయన చేతులు కట్టుకుని. "మీరు చెప్పినంక ఇంగేముండాది? పెంకెదే కడతాం."

వియ్యంకుడు సగం తాగిన కాఫీ గ్లాసుతో అలాగే నిలబడిపోయారు. ఎవరి కొయ్యకు ఎవరు సలహా ఇచ్చారో అప్పుడు తట్టింది ఆయనకు. నేను లోపలికి వెళ్లి తలుపు వెనక చెంగు నోట్లో కుక్కుకున్నాను.

రకం తేలింది. ఇక లావు. మూడు మిల్లీమీటర్లది ఏడు వందల ఇరవై కిలోల దాకా తెగదని దుకాణాయన చెప్పాడు, నాలుగుది పన్నెండు వందల దాకా. కొనలు మడిచి క్లాంపులు బిగిస్తే బలం తగ్గుతుంది. అందుకు అయిదో వంతు తీసేశాను. మూడుకు అయిదు వందల డెబ్బై ఆరు, నాలుగుకు తొమ్మిది వందల అరవై.

"మన భారం రెండు వందల పదహారు. మూడుదే రెండున్నర రెట్లు పైన ఉండాది గదా," అన్నారు మా ఆయన. "నాలుగు ఎందుకు? పైన బరువు దండగ."

"భారం మూడు వందల పదకొండు, తీగ బలం దానికి మూడు రెట్లు ఉండాల," అన్నాను.

ఆయన పడవ అడుగున నా లెక్క మళ్లీ చదివారు. అరవై రెండు, యాభై నాలుగు, వంద, దాని కింద ఇంకో వరుస ఉంది. ఇతరములు, తొంభై అయిదు.

"ఇతరములు ఏంది?"

"నీళ్ల బిందె, చద్దిమూట, గొడుగు."

"తొంభై అయిదు కిలోల చద్దిమూటా!"

"లెక్కలో ఎప్పుడూ ఇతరములు అని ఒకటి పెట్టాల. నాలుగు మిల్లీమీటర్లది తెండి."

అసలు సంగతి మీకు చెబుతాను. మనవడు పుట్టినప్పుడు వియ్యంకుడు కదిరి గుడిలో బెల్లంతో తులాభారం తూగారు. ఆ బెల్లం హిందూపురం మండీ నుంచి కొని పంపింది నేనే. అచ్చులు లెక్కపెట్టి తక్కెడలో పేర్చిందీ నేనే. ఆయన కూర్చున్న తట్ట నేల నుంచి లేచింది తొంభై అయిదో కిలోకు. కనుక ఆయన బరువు నాకు బెల్లంలో తెలుసు. ఆ పడవలోకి తాను రానే రానని ఆయన ఊరంతా చెబుతున్నారు. అంత గట్టిగా చెబుతున్నప్పుడే నాకు అర్థమైంది, ఎక్కుతారని. ఆయన ఎక్కితే, దిగండి అని ఎవరంటారు? ఆడపిల్లనిచ్చినవాళ్లం, మీరు బరువు ఎక్కువ, దిగండి అని వియ్యంకుడితో అనగలమా? అనలేం గనుక తీగ లావు పెంచాలి. మా ఆయనకు ఈ మాట చెబితే పందెమే మానుకునేవారు. చెప్పలేదు.

కార్తీక మాసంలో ఒక ఆదివారం ట్రాక్టర్ మీద పడవను ధర్మవరం తీసుకువెళ్లాం. చెరువు కట్ట మీద ఆటోలు నిలిచిపోయాయి. మగ్గాలు ఆపుకుని జనం వచ్చారు. షామియానా గుడ్డ చూసి ఒకామె, "పెండ్లి ఎవురిదమ్మా?" అని నన్నే అడిగింది. మా ఆయన కొయ్య నిలబెట్టి, మూడు తీగలూ బిగించి, పొద్దెక్కేకొద్దీ లేచి వెళ్లి మరలు ఇంకొంచెం తిప్పుతున్నారు.

"ఏం చేస్తాండారు?"

"ఎండ వస్తాండాది. తీగ సాగుతాది."

"మీ సిగ్నల్ తీగ మైలు పొడుగు. ఇది పదహారు అడుగులు. ఈ ఎండకు గోరు మందం కూడా పెరగదు. కూర్చోండి."

ఆయన కూర్చున్నారు. మళ్లీ లేచి తిప్పారు.

వియ్యంకుడు కట్ట మీద కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. మీసం నూనెతో మెరుస్తోంది. పక్కన మా వియ్యపురాలు, చేతిలో టిఫిన్ క్యారియర్. "తెడ్డు దాచిపెట్టుకోలేదు గదా బావా?" అని అరిచారు వియ్యంకుడు.

"వచ్చి చూసుకో సావుకారూ!" అని గుంపులోంచి ఎవరో నేతపనివాడు అరిచాడు. "నీళ్లంటే భయమా ఏమప్పా?"

"నాకా? భయమా?" కుర్చీ వెనక్కి పడిపోయింది. పంచె ఎగ్గట్టి, చెప్పులు చేత్తో పట్టుకుని, మోకాలి లోతు నీళ్లలో నడిచి, ఒక కాలు పడవలో వేశారు. పడవ ఆ వైపు వంగి ఆయనకు నమస్కారం చేసింది. "తెడ్డు లేకుండ పోతారో లేదో నేనే చూస్తా," అని చతికిలబడ్డారు.

మా ఆయన ముఖంలో నెత్తురు లేదు. కళ్లతోనే నన్నడిగారు, తీగలు? నేను ఆయన చెవి దగ్గరకు వంగి చెప్పాను.

"ఇతరములు ఎక్కినాయి. లెక్కలో ఉండాయి."

ఆయనకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. తర్వాత ఆ మీసం వణకడం మొదలుపెట్టింది. నవ్వు ఆపుకుంటే అది అట్లా వణుకుతుంది.

నా సంతోషం అక్కడితో ఆగిపోయింది. ఎందుకంటే, "ఆయన్ని ఒంటిగా పంపిస్తానా?" అంటూ వియ్యపురాలు కూడా నీళ్లలోకి దిగింది. చీర కుచ్చిళ్లు దోపుకుని, టిఫిన్ క్యారియర్ నెత్తిన పెట్టుకుని వస్తోంది. ఈమె నా లెక్కలో లేదు. డెబ్బై కిలోలుంటుంది. దిగమని ఆమెతో మాత్రం అనగలనా?

"రండి వదినా, కాలు జాగ్రత్త," అన్నాను.

మూడు వందల పదకొండూ డెబ్బై, మూడు వందల ఎనభై ఒకటి. తొమ్మిది వందల అరవైని దాంతో భాగిస్తే రెండున్నర. మూడు రెట్లు పోయి రెండున్నర రెట్లకు వచ్చాం. టిఫిన్ క్యారియర్ వేరే.

జనం తోశారు. షామియానా ఒకసారి టపటప కొట్టుకుని, పొట్ట ఉబ్బించుకుని నిలిచింది. కట్ట మీది కేకలు వెనక్కి పోయాయి. నీళ్లు పడవ అడుగున గుసగుసలాడుతుంటే వియ్యపురాలు "అయ్యో, పోతాండాది వదినా, నిజంగనే పోతాండాది!" అని నా చెయ్యి పట్టుకుంది.

చెరువు మధ్యకు వచ్చేసరికి గాలి పెద్దదైంది. పడవ ఒక పక్కకు లేచింది. వియ్యంకుడు కింది వైపుకు జారారు, ఆయనతో పాటు చెప్పులు, క్యారియర్, గొడుగు.

"పైకి రాండి! అందరూ పై అంచుకు!" మా ఆయన రైలు పట్టాల మీద కేకలేసిన గొంతు అది. ఎన్నేళ్లయిందో విని. నలుగురమూ పాకుకుంటూ పై అంచు ఎక్కి, గోడ మీద కోళ్లలాగా వరసగా కూర్చున్నాం. పడవ నిటారైంది, దూకింది. నా భుజం పక్కనే ఆ వైపు తీగ. పట్టుకుంటే వేలికి ఇనుప కడ్డీలా తగిలింది. అప్పుడు మొదలుపెట్టింది పాడడం. సన్నగా, తంబూరా శ్రుతిలాగా, కొయ్య పై నుంచి కింద క్లాంపు దాకా.

"ఇంటాండావా!" మా ఆయన అరిచారు. "ఇంటాండావా నువ్వు! నేను చెప్పలేదూ!"

"రెండున్నర!" అని అరిచాను నేను. "రెండున్నర! రెండున్నర!"

వియ్యపురాలు కళ్లు మూసుకుని చేతులు జోడించింది. "ఏం మంత్రం వదినా అది? నాకూ చెప్పు!"

"రెండున్నర అనండి వదినా, చాలు!"

ఇద్దరమూ అరిచాం. ఆమె భక్తిగా, నేను లెక్కగా. నవ్వు తట్టుకోలేక నాకు కళ్ల నీళ్లు వచ్చాయి.

ముందు బర్రెలు ఈదుతున్నాయి. వాటి దారి మా దారి ఒకటే. వియ్యంకుడు అప్పటికి భయం మరిచిపోయారు. పందెం కూడా మరిచిపోయారు. "బావా, గుంజు! తాడు గుంజు! ఆ బర్రెల్ని దాటిపోవాల! ఏమబ్బా, బర్రెల ఎనకాల పోతామా మనం?" అంటూ అంచు మీది నుంచి ఇంకా వెనక్కి వాలారు. తొంభై అయిదు కిలోలు నీళ్ల మీద వేలాడాయి. అట్లా వాలితే తీగ మీద లాగుడు ఎంత పెరుగుతుందో నా లెక్కలో ఎక్కడా లేదు. తీగ శ్రుతి ఒక మెట్టు పైకి పోయింది. పడవ బర్రెల పక్క నుంచి దూసుకుపోయింది. ఒక బర్రె తల తిప్పి మమ్మల్ని చూసింది, షామియానాని చూసింది, మళ్లీ తన పని చూసుకుంది.

అవతలి గట్టు బురదలో పడవ ముక్కు దిగబడి ఆగింది. అందరికంటే ముందు దూకింది వియ్యంకుడు. మోకాలి దాకా బురదలో నిలబడి రెండు చేతులూ పైకెత్తి, "గెలిచినాం! గెలిచినాం బావా!" అని చెరువు దద్దరిల్లేలా అరిచారు.

వియ్యపురాలు క్యారియర్ తుడుచుకుంటూ అడిగింది.

"ఏం గెలిచినావు? మీసం?"

ఎత్తిన చేతులు మెల్లగా దిగాయి. చెరువు వంక చూశారు. కొయ్య వంక చూశారు. తనే ఎంపిక చేసిన ఒంటి పురి తీగ వంక చాలాసేపు చూశారు.

"నేనూ పడవలోనే ఉంటిని గదా. గెలిచినోళ్లలో నేనూ ఒకన్నే గదా?"

"పెండ్లయినప్పటి నుంచి చెప్తాండా, అన్నం తిన్నంక ఆ మీసంలో మెతుకులుంటాయని," అంది వియ్యపురాలు. "వదినా, లెక్క నువ్వు చెప్పు."

మా ఆయన అడ్డం వచ్చారు. "వద్దు చెల్లెమ్మా, ఊరికే నవ్వులాటకు అనుకున్న మాట. బావ మీసానికేం..."

అంతే, వియ్యంకుడికి రోషం వచ్చేసింది. "నవ్వులాటా? మాటంటే మాటే బావా! పద!"

చెరువు చుట్టూ తిరిగి ఊళ్లోకి వస్తే, ధర్మవరం స్టేషన్ దారిలో ఒక మంగలి అంగడి. చెరువు కట్ట మీది జనంలో సగం మంది మా వెనకే వచ్చారు. మంగలి కత్తి పట్టుకుని, "నిజంగనే తీయాల్నా సావుకారూ?" అని మూడుసార్లు అడిగాడు. వియ్యంకుడు కళ్లు మూసుకున్నారు. మీసం పోయాక కళ్లు తెరిచి అద్దంలో చూసుకుని, "ఎవురు ఈయప్ప?" అన్నారు. గుమ్మం బయట నవ్వులు. ఆయనా నవ్వారు. మీసం లేకపోతే ఆయన నవ్వు చిన్నపిల్లవాడి నవ్వు.

కుర్చీ ఖాళీ అయింది. మా ఆయన వెళ్లి అందులో కూర్చున్నారు.

"ఏం చేస్తాండారు?" అన్నాను.

"నాది కూడా తీయప్పా," అన్నారు మంగలితో.

"నువ్వు గెలిచినావు గదా బావా!" అని వియ్యంకుడు నెత్తి కొట్టుకున్నారు.

"మీరు ముందర ఉత్త మూతితో నడుస్తాంటే, పిల్లనిచ్చినోన్ని, నేను మీ ఎనకాల మీసం తిప్పుకుంటా రావాల్నా? లోకం ఏమంటాది బావా? తీయప్పా."

అలా ఆ మీసమూ పోయింది. నాలుగు మిల్లీమీటర్ల తీగ కాపాడింది, మర్యాద తీసేసింది. నేను దగ్గరికి వెళ్లి చూశాను. పై పెదవి మీద, సరిగ్గా మధ్యలో, చిన్న నొక్కు ఉంది. ఎవరో వేలితో మెత్తగా నొక్కి వదిలినట్టు. సరిగ్గా అలాంటి నొక్కే మా అమ్మాయికి ఉంది. అది ఎవరి పోలికో అని అమ్మాయి పుట్టినప్పటి నుంచి మా రెండు కుటుంబాలవాళ్లూ వాదించుకుంటూ వచ్చారు.

"ఏంది అట్ల చూస్తాండావు?" అన్నారు సిగ్గుపడి.

"ఏం లేదు. ఒక లెక్క తేలింది."

అమ్మాయి ఇంటి తలుపు తీసి, వాకిట్లో నిలబడ్డ ఇద్దరినీ చూసి, లోపలికి వెళ్లిపోయి, గోడకు ఆనుకుని కూర్చుని నవ్వింది. భోజనం వడ్డించేదాకా అలాగే నవ్వుతూ ఉంది.

సాయంత్రం ప్యాసింజర్‌లో పెనుకొండ చేరాం. ప్లాట్‌ఫారం మీద మా ఆయనతో రైల్వేలో చాలా ఏళ్లు పనిచేసిన ఒకాయన ఎదురుపడ్డారు. నాకు నమస్కారం పెట్టి, నా పక్కన గొడుగు పట్టుకుని నిలబడ్డ మనిషి వంక ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడిగారు.

"సారు రాలేదా అమ్మా? ఈయన ఎవురు?"

మా ఆయన కొత్త పెదవి వణకడం మొదలుపెట్టింది. ఆ వణుకు దాచడానికి ఇప్పుడు పైన ఏమీ లేదు పాపం.

"ఈయన ఇతరములు," అన్నాను.

ఆయన ఎంతో మర్యాదగా చేతులు జోడించి, మా ఆయనకు నమస్కారం చేశారు.